నవ్వింది చాలు, డిక్రీ డబ్బు కట్టండి

ఆవు బొమ్మ అందరికీ తెలిసిందే. ఒకడు కొమ్ములు పట్టుకుని లాగుతుంటాడు, ఇంకొకడు తోక పట్టుకుని లాగుతుంటాడు, మధ్యలో నల్లకోటు ప్లీడరు చెంబు పెట్టుకుని పాలు పితుకుతుంటాడు. వాట్సాప్ పుట్టక ముందునుంచీ ఉన్న బొమ్మ ఇది. పెళ్లి భోజనాల దగ్గర ఒకాయన దీన్ని గుర్తు చేస్తే, పక్కనున్నాయన “ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట” అని అందుకుంటాడు. మూడో ఆయన ప్లీడరు నోట నిజం వస్తే కోటు చిరిగిపోతుందంటాడు. బంతి బంతంతా నవ్వుతుంది. అదే బంతిలో ఈ మధ్యే రిటైరైన రెవెన్యూ అధికారి కూడా కూర్చుని ఉంటాడు. అందరికంటే గట్టిగా నవ్వేది ఆయనే.

నా కడుపుమంట ఆ నవ్వు మీద. ప్లీడర్ల మీద జోకులు వేస్తే ప్లీడర్లకు వచ్చే నష్టమేమీ లేదు, బార్ అసోసియేషన్ గదిలో వాళ్లే అంతకంటే పెద్ద జోకులు వేసుకుంటారు. కానీ ఆ బొమ్మలో గీయని మనిషి ఒకడున్నాడు. ఆవు ఎవరిదో తేల్చాల్సిన రికార్డును తప్పుల తడకగా పెట్టినవాడు, తేల్చడానికి జడ్జిని వేయనివాడు, తేలాక తన వంతు డబ్బు ఎగ్గొట్టేవాడు ఒకడే. వాడి పేరు ప్రభుత్వం. ఈ దేశంలో కోర్టుల్లో అందరికంటే ఎక్కువ కేసులున్న కక్షిదారు అదే. మనం నల్లకోటును చూసి నవ్వినంతకాలం దాని మీద ఈగ వాలదు.

భూసేకరణ కేసునే తీసుకోండి. చెరువు కిందో, కాలువ కిందో, బైపాస్ రోడ్డు కిందో ఒక రైతు భూమి పోతుంది. ఆర్డీవో అవార్డు రాస్తాడు, ఎకరానికి ఇంత అని. ఆ రేటు రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకాల్లోంచి తీసింది. ఆ రేటుకు ఊళ్లో సెంటు భూమి కూడా దొరకదని రైతుకూ తెలుసు, ఆర్డీవోకూ తెలుసు. రైతు అభ్యంతరం చెబుతూనే డబ్బు తీసుకుని, ధర పెంచమని కోర్టుకు రిఫరెన్సు అడుగుతాడు. 1894 నాటి చట్టంలో అది 18వ సెక్షను. సబ్ కోర్టులో ఓపీ నంబరు పడుతుంది. ఏళ్లు గడిచాక కోర్టు ధర పెంచుతుంది. అయినా డబ్బు రాదు. ప్రభుత్వం హైకోర్టుకు అప్పీలుకు పోయి స్టే అడుగుతుంది. సగం డిపాజిట్ చెయ్యమని హైకోర్టు అంటుంది. ఆ సగమూ కట్టరు. రైతు డిక్రీ అమలు కోసం ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేస్తాడు. ఈపీలో మళ్లీ వాయిదాలు మొదలవుతాయి.

ఈలోగా ఆ పెరిగిన పరిహారం మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. భూమి స్వాధీనం చేసుకున్న మొదటి ఏడాదికి నూటికి 9, ఆ తర్వాత నూటికి 15. ఇది చట్టంలోనే రాసి ఉంది, 2013లో వచ్చిన కొత్త చట్టంలోనూ అవే రేట్లు. ఏ బ్యాంకూ డిపాజిట్ మీద అంత ఇవ్వదు. ఎగ్గొట్టిన ప్రతి ఏడాదికీ ఆ పదిహేను రూపాయలు మీరూ నేనూ కట్టిన పన్నుల్లోంచి పోతాయి. ఫైలును సొరుగులో పెట్టుకున్న అధికారి జీతంలోంచి పైసా కోత పడదు. బదిలీ అయిపోతాడు, ప్రమోషన్ తీసుకుంటాడు, రిటైరవుతాడు, పెళ్లి బంతిలో కూర్చుని ప్లీడర్ల మీద జోకులకు నవ్వుతాడు. ఎవరు పితుకుతున్నారు, ఎవరి పాలు పితుకుతున్నారు?

ఆర్డీవో ఆఫీసు జప్తును దగ్గరనుంచి చూసినవాళ్లకు నేను చెప్పేదేమిటో తెలుసు. కోర్టు అమీనా వారెంటు పట్టుకుని వస్తాడు. వెంట రైతు, రైతు కొడుకు, వకీలు గుమస్తా, బయట ఒక టాటా ఏస్ బండి. అమీనా కుర్చీలు లెక్కపెడతాడు, బీరువాలు రాసుకుంటాడు, కంప్యూటర్ల వైర్లు ఊడదీయిస్తాడు. ఉద్యోగులు లేచి గోడవార నిలబడతారు. సూపరింటెండెంటు ఫోను చెవిన పెట్టుకుని వరండాలోకి నడుస్తాడు, తిరిగొచ్చి “పెద్దాయనా, కలెక్టర్ గారితో మాట్లాడాం, బడ్జెట్ రాగానే మొదటి బిల్లు మీదే, రెండు నెలలు ఓపిక పట్టండి” అంటాడు. పెద్దాయన ఓపిక పట్టీ పట్టీ కళ్లకు శుక్లాలొచ్చాయి. కొడుకు ఒప్పుకోడు. కుర్చీలు బండెక్కుతాయి. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది, దాన్ని చూసి కూడా ఊరంతా నవ్వుతుంది. నవ్వాల్సింది ఏముంది అందులో? రెండు పంటలు పండే భూమి ఇచ్చిన మనిషి చివరికి విరిగిన చేతుల కుర్చీలు మోసుకుపోయాడు. వాటిని వేలం వేస్తే ఆయనకు రావాల్సిన దాంట్లో ఒక నెల వడ్డీ కూడా రాదు.

ఇండియాలో కక్షిదారు కష్టాలు డిక్రీ చేతికి వచ్చాకే మొదలవుతాయని లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1872లోనే గుర్తించింది. నూటయాభై ఏళ్లు దాటాయి. ఈపీలను ఆరు నెలల్లో తేల్చెయ్యాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. 2025లో మళ్లీ లెక్కలు తెప్పించుకుని చూస్తే దేశమంతటా 8 లక్షల 80 వేలకు పైగా ఈపీలు పెండింగులో ఉన్నాయి. ఇవన్నీ కేసు గెలిచినవాళ్లవి. ఇంటికొచ్చి ఏడ్చిన గెలుపుగాళ్లు అన్ని లక్షలమంది ఉన్నారు. అందరినీ ఏడిపించింది ప్రభుత్వం కాదు, నిజమే, అన్నదమ్ములూ అద్దెదారులూ వ్యాపారులూ ఉన్నారు. కానీ డిక్రీని ఖాతరు చెయ్యనక్కర్లేదని వాళ్లకు నేర్పిందెవరు? కోర్టు ఉత్తర్వును కలెక్టరాఫీసే లెక్కచెయ్యకపోతే చిట్టీల వ్యాపారి ఎందుకు లెక్కచేస్తాడు?

ప్రభుత్వం మీద దావా వేసే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను చెబుతుంది. ఉద్దేశం మంచిదే. కోర్టుదాకా రాకుండా ఆ రెండు నెలల్లో తప్పు దిద్దుకొమ్మని ఇచ్చిన గడువు అది. ఆ నోటీసు ఇన్‌వార్డు సెక్షన్‌లో ముద్ర వేయించుకుని అక్కడే పడి ఉంటుంది. జవాబు రాసే పూట ఎవరికీ ఉండదు. ఇక అప్పీళ్ల సంగతి కేంద్ర ఆర్థిక సర్వేనే 2017-18లో బయటపెట్టింది. ప్రత్యక్ష పన్నుల అప్పీళ్లలో దాదాపు 85 శాతం ఆదాయపు పన్ను శాఖ వేసినవే, అందులో గెలిచేవి నూటికి ముప్పై కూడా లేవు. మూడింట రెండు వంతులు ఓడిపోతామని తెలిసీ ఎందుకు వేస్తారు? అప్పీలు వెయ్యకపోతే విజిలెన్స్ అడుగుతుంది, వేసి ఓడిపోతే ఎవరూ అడగరు కాబట్టి. ఒక్క అధికారి తన తల కాపాడుకోవడానికి పదేళ్లు కోర్టు బెంచీ మీద ఒక మనిషిని కూర్చోబెడతాడు.

కోర్టు బెంచీ అన్నాను, అదీ ఉండదు. మన ఊళ్లలో జూనియర్ సివిల్ జడ్జి కోర్టు వరండా చూడండి. పదిన్నరకు పిలుపు. పదింటికే పల్లెల బస్సులు జనాన్ని దింపుతాయి. ప్లాస్టిక్ కవర్లో పాస్‌బుక్కు, పన్ను రశీదులు, పాత దస్తావేజు మడతలు చిరక్కుండా గుండెకు ఆనించుకుని ఒక ముసలావిడ గోడకు చేరగిలబడి ఉంటుంది. బంట్రోతు పేరు మూడుసార్లు పిలుస్తాడు. ఆవిడ లోపలికి పోయి చేతులు కట్టుకుని నిలబడేలోపు “పీవో గారు సెలవు, ఇన్‌చార్జి కోర్టు” అంటూ బెంచి క్లర్కు తర్వాతి తేదీ రాసేస్తాడు. గుమస్తా చిన్న చీటీ మీద ఆ తేదీ రాసిస్తాడు. ఆవిడ ఆ రోజు కూలి పోయింది, బస్సు చార్జీ పోయింది, గుమస్తా టీ ఖర్చు పోయింది. ఎందుకు వాయిదా పడిందో ఆవిడకు ఎవరూ చెప్పరు. అందుకే ఊరెళ్లి తన ప్లీడరే అమ్ముడుపోయాడనుకుంటుంది. అక్కడ పుడుతుంది ఆవు బొమ్మ.

మన దేశంలో పది లక్షల జనాభాకు 50 మంది జడ్జీలు ఉండాలని లా కమిషన్ 1987లో చెప్పింది. ఐదేళ్లలో ఆ సంఖ్యకు చేరాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆదేశించి ఇరవై ఏళ్లు దాటినా అందులో సగానికి కూడా మనం చేరలేదు. దేశంలో పెండింగ్ కేసులు 2023లోనే 5 కోట్లు దాటాయి. కోర్టు పోస్టులు మంజూరు చెయ్యాల్సింది, భవనాలు కట్టాల్సింది, స్టెనోలనూ అమీనాలనూ ఇవ్వాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. మంజూరైన పోస్టుల నియామకాలు ఆలస్యం చేసే హైకోర్టుల బాధ్యతా ఇందులో ఉంది, దాన్ని నేను దాచను. అయితే అసెంబ్లీ బడ్జెట్ సమావేశాల్లో న్యాయశాఖ పద్దు మీద ఎమ్మెల్యేలు గొంతు చించుకోవడం మీరు ఎప్పుడైనా విన్నారా? రోడ్డు గుంత మీద ధర్నా చేస్తాం. మండలాలు దాటి రావాల్సిన కోర్టులో జడ్జి కుర్చీ ఏడాదిగా ఖాళీగా ఉంటే తహసీల్దారుకు ఒక వినతిపత్రమైనా ఇవ్వం. 2008లో గ్రామ న్యాయాలయాల చట్టం వచ్చింది, 2009 అక్టోబరు 2న అమల్లోకీ వచ్చింది. జడ్జి ఊరి ముంగిటికే వచ్చి చిన్న తగాదాలు తేల్చాలన్న చట్టమది. ఆంధ్రలోగానీ తెలంగాణలోగానీ గ్రామ న్యాయాలయం గుమ్మం తొక్కిన రైతు నాకింతవరకూ తారసపడలేదు.

భాష సంగతికి వస్తే నా కోపం ఆగదు. 2002 నుంచి సివిల్ దావాల్లో సాక్షి ముఖ్య వాంగ్మూలం నోటితో చెప్పించడం మానేసి అఫిడవిట్‌గా దాఖలు చేయిస్తున్నారు. టైము కలిసొస్తుందన్నారు. ఇప్పుడు జరిగేదేమిటంటే, నిజామాబాదో నరసరావుపేటో, ఆరెకరాల రైతు తన గట్టు తగాదాను తెలుగులో చెబుతాడు, ప్లీడరాఫీసులో టైపిస్టు దాన్ని ఇంగ్లీషులో కొడతాడు, కింద రైతు తెలుగులో సంతకం పెడతాడు. విషయం తెలుగులో చదివి వినిపించాం, సరేనన్నాడు అని చివర ఒక ముక్క ఉంటుంది. తర్వాత బోనులో నిలబెట్టి అవతలి ప్లీడరు అడుగుతాడు: “అఫిడవిట్ నాలుగో పేరాలో మీరు ఉత్తరం హద్దు ఫలానా అన్నారు, ఇప్పుడు వేరే చెబుతున్నారు, ఏది అబద్ధం?” రైతుకు నాలుగో పేరా ఉన్నదనే తెలియదు. తన పొలం హద్దులు కళ్లు మూసుకుని నడిచి చూపించగలవాడు తన సొంత వాంగ్మూలం ముందు అబద్ధాలకోరైపోతాడు. ఇది ప్లీడరు కుట్రా? కింది కోర్టుల భాష ఏదో నిర్ణయించే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్ 137వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వానికే ఇచ్చింది. తెలుగు తల్లికి దండలు వేసే ప్రభుత్వాలు కోర్టుల్లో తెలుగు టైపిస్టును, తెలుగు చట్ట పుస్తకాన్ని, తెలుగు ఫారాన్ని ఇవ్వలేకపోయాయి. 2023లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు రాసి చూపించింది. హైకోర్టు రాయగలిగినప్పుడు మున్సిఫ్ కోర్టులో అఫిడవిట్ తెలుగులో ఎందుకుండకూడదు?

సంస్కరణ అని ప్రభుత్వాలు తెచ్చినవాటినీ చూశాం. 2020లో తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి తెచ్చింది, రెవెన్యూ కోర్టులు ఎత్తేసింది. పోర్టల్లో సర్వే నంబరు గల్లంతైనవాడు ఎమ్మార్వో దగ్గరికి పోతే నా చేతుల్లో లేదు, సివిల్ కోర్టుకు పో అన్నారు. ఆంధ్రలో 2022 నాటి భూయాజమాన్య హక్కు చట్టం సరిగ్గా తలకిందులు: హక్కు తగాదా సివిల్ కోర్టుకు పోకూడదు, మేం వేసిన అధికారి దగ్గరే తేల్చుకోవాలి అంది. కృష్ణకు అటు ఒకమాట, ఇటు ఒకమాట. రెండింటిలోనూ తప్పు రాసిన అధికారి క్షేమం, తిరగాల్సింది రైతు. ఆంధ్ర చట్టం మీద ప్లీడర్లు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కితే, కేసులు పోతాయని కడుపుమంట అని అప్పుడు కూడా జోకులు వేశారు. వాళ్ల పొట్ట మాట ఎలా ఉన్నా వాళ్లన్నది నిజం. రెవెన్యూ అధికారి చేసిన తప్పును మరో ప్రభుత్వాధికారే విచారించడం న్యాయం కాదు. 2024లో ఆ చట్టం రద్దయింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఈ మార్పుల నడుమ దావాలు వేసినవాళ్లు మాత్రం ఇంకా వాయిదాలకు తిరుగుతున్నారు.

ప్లీడర్లకు నేను వకాల్తా పుచ్చుకోలేదు. వాళ్లతో తగువు నాకూ ఉంది, అది జోకులతో తీరేది కాదు. సమ్మె చేసే హక్కు న్యాయవాదులకు లేదని సుప్రీంకోర్టు 2002లోనే స్పష్టంగా చెప్పింది. అయినా పోలీసుతో ఎవరికో మాటామాటా వచ్చిందని, పక్క జిల్లాలో ఏదో జరిగిందని విధులు బహిష్కరిస్తారు, ఆ రోజు వరండాలో ముసలావిడకు మళ్లీ చీటీ. ఫీజు తీసుకుంటే రశీదు ఇచ్చే ప్లీడరు ఎంతమంది? న్యాయవాది సేవలు వినియోగదారుల చట్టం కిందకు రావని 2024లో తీర్పొచ్చింది. సరే, మరి మోసపోయిన కక్షిదారు ఎక్కడికి పోవాలి? బార్ కౌన్సిల్‌కు. ఫిర్యాదును ఏడాదిలో తేల్చాలని 1961 నాటి అడ్వొకేట్స్ చట్టమే అంటుంది. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేలాయి, ఎవరి సనదు రద్దయింది అన్నది కోర్టు నోటీసు బోర్డు మీద తెలుగులో ఎందుకు అంటించరు? దావాలో ఒక పార్టీకి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదని కోడులో ఉంది, ఆలస్యం చేసినవాడి చేత ఖర్చులు కట్టించమని 1976 నుంచీ 35బి సెక్షను ఉంది. ఆ ఖర్చు కింద వందో రెండు వందలో వేసి వదిలేస్తే ఎదుటివాడు ఆనందంగా కట్టి ఇంకో మూడు నెలలు కొనుక్కుంటాడు. మనిషి రోజు కూలి, బస్సు చార్జీ, ప్లీడరు ఫీజు కలిపి లెక్కకట్టి వెయ్యండి, ఉత్తుత్తి వాయిదాలు అడగడం ఎంతమంది మానేస్తారో చూద్దాం.

అయితే ఆవు బొమ్మ గీసినవాడు ఈ నేల మీద నడిచిన కొందరు ప్లీడర్లను చూసి ఉండడు. కారంచేడులో 1985 జులైలో దళితులను నరికి చంపితే, బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవిని విసిరికొట్టి బాధితుల పక్కకు వెళ్లారు. కన్నబిరాన్ కుట్ర కేసుల్లో ఇరికించిన వాళ్ల కోసం జీవితమంతా వాదించారు. లెక్కల మేష్టారు బాలగోపాల్ పేదల తరఫున నిలబడాలనే నల్లకోటు వేసుకున్నారు. 1979లో బీహారు జైళ్లలో, పడాల్సిన శిక్ష కంటే ఎక్కువకాలం విచారణ లేకుండా మగ్గుతున్న ఖైదీల కోసం సుప్రీంకోర్టుకు వెళ్లిన కపిలా హింగోరాణి కూడా వకీలే. హుస్సేనారా ఖాతూన్ కేసుగా చరిత్రలో నిలిచింది అదే. రావిశాస్త్రి విశాఖలో ప్లీడరుగా ఉంటూనే ‘ఆరు సారా కథలు’ రాశాడు. ఆయన కథల్లోనూ నవ్వుంది, అది మాత్రం ప్లీడరు కోటు దగ్గర ఆగదు. సారా కేసులో దొరికే పేద మనిషి ఎవరు, దొరకని పెద్దమనిషి ఎవరు అన్నచోటికి పోయి పొడుస్తుంది. ఆ నవ్వు మనకు కావాలి. పెళ్లి బంతి నవ్వు వద్దు.

కారంచేడు కేసు సుప్రీంకోర్టులో ముగిసేసరికి 2008. ఇరవై మూడేళ్లు. ఆ ఇరవై మూడేళ్లూ సాక్షులు పనులు చూసుకుంటూ, బెదిరింపులు తట్టుకుంటూ, ముసలివాళ్లవుతూ నిలబడ్డారు. జైళ్ల గణాంకాలు చూస్తే 2022లో మన దేశంలో ప్రతి నలుగురు ఖైదీల్లో ముగ్గురు విచారణ ఖైదీలే, నాలుగు లక్షల ముప్పై వేలకు పైగా. హుస్సేనారా తీర్పు వచ్చి నలభై మూడేళ్లయ్యాక ఇదీ పరిస్థితి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త నేర ప్రక్రియ సంహితలో మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు జైల్లో గడిపితే విడుదల చెయ్యాలని ఉంది, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలు మినహా. దానికోసం కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదేనని కూడా ఉంది. రాస్తున్నారా? మన చర్లపల్లిలో, రాజమండ్రిలో, వరుసలో ఉన్నవాళ్ల పేర్లు ఎవరు లెక్కపెడుతున్నారు? ఈ ప్రశ్న ఏ ప్లీడరు జోకులోనూ ఉండదు.

చర్చలు చాలా జరిగాయి. ఆలస్యం మీద రాంకిన్ కమిటీని బ్రిటిషువాడు 1924లో వేశాడు. స్వతంత్రం వచ్చాక 1958లో లా కమిషన్ పద్నాలుగో నివేదిక ఇచ్చింది. నివేదికల్లో ఉన్నవే మళ్లీ మళ్లీ రాస్తున్నారు. నాకు ఇంకో కమిటీ వద్దు. డిక్రీ అయిన పరిహారం ఆరు నెలలు దాటి ఆపిన అధికారి జీతంలోంచి ఆ పైన పడే వడ్డీ వసూలు చెయ్యాలి. అప్పీలు వెయ్యాలంటే గెలిచే అవకాశం ఏమిటో గవర్నమెంటు ప్లీడరు కాగితం మీద రాసి సంతకం పెట్టాలి, ఓడితే ఆ కాగితం జనం చూడాలి. వాయిదా ఇచ్చిన ప్రతిసారీ ఎందుకిచ్చారో కక్షిదారుకు తెలుగులో రాసివ్వాలి, జడ్జి లేకనా, ప్లీడరు రాకనా, ప్రభుత్వం కౌంటరు వెయ్యకనా అని. అప్పుడు ముసలావిడకు తన శత్రువు ఎవరో తెలుస్తుంది. మీకూ నాకూ తెలుస్తుంది.

ఆ పని మొదలుపెట్టడానికి అసెంబ్లీ కోసం ఎదురుచూడక్కర్లేదు. కలెక్టరాఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలు, జవాబివ్వడానికి ముప్పై రోజుల గడువు. ఈ జిల్లాలో ప్రభుత్వం మీద ఉన్న ఈపీలు ఎన్ని, ఏ రైతుకు ఎంత బాకీ, ఎప్పటినుంచి, ఈ రోజుకు వడ్డీ ఎంతయింది, ఫైలు ఎవరి బల్ల మీద ఆగింది అని అడగండి. మా జిల్లాలో ఈ వారమే నేను వేస్తున్నాను. మీ జిల్లాలో మీరు వెయ్యండి. వచ్చిన జాబితాను ఆర్డీవో ఆఫీసు గోడకు అంటించండి, అందులో పేరున్న ప్రతి రైతునూ ఆ గోడ దగ్గరికి పిలవండి.